వెండి సిరా చూపించిన చిక్కుముళ్లు

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న బస్సు ఎక్కేముందు బుజ్జి నా చెవిలో అడిగిన ప్రశ్నకు అక్కడ జవాబు చెప్పలేకపోయాను. "అమ్మమ్మ నన్ను మూడుసార్లు నువ్వెవరమ్మాయివి అని అడిగింది, నా మీద కోపమా తాతయ్యా?" అన్నావు. కోపం కాదమ్మా. ఇంటికొచ్చిన చుట్టాలు దాన్ని చాదస్తం అంటారు. నాకు ఆ మాట గిట్టదు. చాదస్తం అన్నామంటే అది ఆవిడ స్వభావమైపోతుంది. ఇది జబ్బు. పేరు అల్జైమర్స్. ముప్పై ఏళ్లు ప్రయోగశాలలో గాజు పలకల మీది కణజాలానికి రంగులు వేసి బతికినవాణ్ణి కనుక నాకు తెలిసిన దారినే చెబుతాను.

మీ అమ్మ ఓటు వేసి వచ్చినప్పుడు వేలి మీద నల్లటి గుర్తు చూశారు కదా. మైసూరులో తయారయ్యే ఆ సిరాలో సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణం ఉంటుంది. చర్మానికి తగిలి వెలుతురు సోకగానే నల్లబడుతుంది, సబ్బుకు లొంగదు. మా పనిలోనూ అదే లవణం వాడేవాళ్లం. నా వేళ్లు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. "ఈయన రోజూ ఓటేసి వస్తారు" అని మీ అమ్మమ్మ అన్నం వడ్డిస్తూ నవ్వేది.

ఈ జబ్బును మొదట బయటపెట్టిందీ ఆ వెండే. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1901 నవంబరులో ఆగస్టె డీటర్ అనే 51 ఏళ్ల ఆవిడను మానసిక చికిత్సాలయంలో చేర్చారు. అలోయిస్ అల్జైమర్ అనే డాక్టరు ఎదురుగా కూర్చుని పేరు అడిగాడు. ఆగస్టె అంది. ఇంటిపేరు? ఆగస్టె. మీ ఆయన పేరు? ఆగస్టె అనుకుంటా, అంది. ఆ సంభాషణ రాసిన కాగితాలు 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే మళ్లీ దొరికాయి. (మీ అమ్మమ్మ నన్ను యాభై ఏళ్లుగా "ఏమండీ" అనే పిలుస్తోంది కాబట్టి నా పేరు మరిచిపోయినా నాకు తెలిసే దారి లేదు.)

ఆవిడ 1906లో చనిపోయాక మెదడును మ్యూనిక్‌కు తెప్పించుకుని, పలుచటి పొరలుగా కోసి, వెండి లవణంతో రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూశాడు అల్జైమర్. కణాల బయట అక్కడక్కడ మచ్చలు. కణాల లోపల నల్లటి దారపు చిక్కులు. కొన్నిచోట్ల కణమే మాయమైపోయింది, అది ఉన్న చోట చిక్కు మాత్రం మిగిలింది. ఇల్లు కూలిపోయాక దూలాలు మిగిలినట్టు.

ఆ మచ్చలూ చిక్కులూ దేనితో తయారయ్యాయో తేలడానికి మరో ఎనభై ఏళ్లు పట్టింది. రెండూ ప్రొటీన్లే, మన మెదడు తానే తయారు చేసుకునేవే. ప్రొటీన్ అంటే పప్పులోనూ గుడ్డులోనూ ఉండేదేగా అంటారు మీరు. నిజమే, కానీ కణంలో పనివాళ్లు కూడా అవే. ఇరవై రకాల అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన గొలుసు అది. చాలా ప్రొటీన్లు గొలుసుగా ఉన్నంతసేపు పనికిరావు, ఒక పద్ధతిలో మడత పడితేనే పని మొదలవుతుంది. ఆ గొలుసు ఏయే కోణాల్లో వంగగలదో 1963లో మన మద్రాసు విశ్వవిద్యాలయంలో జి. ఎన్. రామచంద్రన్ బృందం లెక్కగట్టి పటం గీసింది. ఇప్పటికీ ప్రపంచంలో ఎవరు ఏ ప్రొటీన్ ఆకారం కనిపెట్టినా ఆ పటంతో సరిచూసుకుంటారు.

చిక్కుల్లో ఉన్నది టౌ అనే ప్రొటీన్. దాన్ని 1975లో ప్రిన్స్‌టన్‌లో పంది మెదడు నుంచి వేరుచేశారు. నడుము దగ్గర మొదలై కాలి వేలిదాకా సాగే నాడీకణాలున్నాయి, దాదాపు మీటరు పొడవు. అంత దూరం సరుకు మోయడానికి లోపల సన్నటి గొట్టాలు ఉంటాయి. మల్లెపందిరి గుంజలకు పురికొస కట్టినట్టు ఆ గొట్టాలను పట్టి ఉంచేది టౌ. ఈ జబ్బులో టౌకు ఫాస్ఫేటు అనే చిన్న రసాయన గుంపులు మోతాదు మించి అంటుకుంటాయి. అది గొట్టాన్ని వదిలేసి తనలో తానే పెనవేసుకుంటుంది. పందిరి వంగిపోతుంది.

మచ్చల్లోది అమిలాయిడ్ బీటా, నలభై చిల్లర పూసల చిన్న ముక్క. 1984లో శాన్‌డియాగోలో జార్జ్ గ్లెన్నర్, కెయిన్ వాంగ్ దాన్ని గుర్తించారు. పెద్ద ప్రొటీన్ నుంచి తెగి వచ్చే ఈ ముక్క మామూలుగా కొట్టుకుపోతుంది. పోకుండా మిగిలితే చీర కుచ్చిళ్లలా మడతలు పడి, ఒకదానిపై ఒకటి చేరి గట్టిపడుతుంది. కుచ్చిళ్లు అన్నది నా కల్పన కాదు, ఆ మడతకు శాస్త్రవేత్తలు పెట్టిన "ప్లీటెడ్ షీట్" అన్న పేరుకు అర్థం కూడా అదే.

చిన్నా, నువ్వు మందు సంగతి అడుగుతావని తెలుసు. 2023లో అమెరికాలో లెకానెమాబ్ అనే ఇంజెక్షన్‌కు పూర్తి అనుమతి వచ్చింది. జబ్బు తొలిదశలో ఉన్న దాదాపు 1,800 మందిపై పద్దెనిమిది నెలలు పరీక్షిస్తే, మచ్చలు బాగా తగ్గాయి, క్షీణత నాలుగోవంతు మేర నెమ్మదించింది. కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం కూడా వచ్చాయి. పోయిన జ్ఞాపకం మాత్రం తిరిగి రాలేదు. మచ్చలొక్కటే దొంగ అయితే ఇలా జరగకూడదు కదా. మతిమరుపు ఎంత ముదిరిందో మచ్చల కన్నా టౌ చిక్కుల విస్తీర్ణమే బాగా చెబుతుంది. నా అనుమానమూ దాని మీదే.

అమ్మమ్మ పక్కన పడుకుంటే మీకు అంటుకోదు. ఆ భయం వద్దు.

నిన్న పొద్దున ఆవిడ పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. ఆ తర్వాత వాకిట్లో పదకొండు చుక్కల ముగ్గు వేసింది, ఒక్క గీతా తప్పలేదు. చేతికి అలవాటైన పనుల జ్ఞాపకం మెదడులో వేరే చోట ఉంటుంది, జబ్బు అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు "నేనెవరో చెప్పుకో" అని పరీక్ష పెట్టకండి. గుమ్మంలోనే "అమ్మమ్మా, నేను బుజ్జిని, మీ పెద్దమ్మాయి కూతుర్ని" అని చెప్పేసి, ముగ్గు డబ్బా పట్టుకుని పక్కన కూర్చోండి. రంగులు మీ ఊరి నుంచే తీసుకురండి, ఇక్కడి కొట్టులో నీలం దొరకడం లేదు.

ఇట్లు,
మీ తాతయ్య