రన్నింగ్ బ్యాక్‌లలో ఎవరు గొప్ప? తెగని వాదన వెనుక కథ

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి పట్టుకుని పరుగెత్తడమే ప్రధాన పనిగా ఉన్న ఆటగాడే రన్నింగ్ బ్యాక్. వాళ్లలో ఎవరు గొప్ప అంటే, ఆ ఆట ప్రధాన లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ రికార్డుల ప్రకారం చూస్తే పెద్దగా వాదించడానికేమీ లేదు. బంతితో పరుగెత్తి 18,355 యార్డులు సాధించిన ఎమిట్ స్మిత్‌దే మొదటి స్థానం. అయినా జిమ్ బ్రౌన్ అనేవాళ్లు, వాల్టర్ పేటన్ అనేవాళ్లు, బ్యారీ శాండర్స్ అనేవాళ్లు ఎవరూ వెనక్కి తగ్గరు. క్రికెట్‌లో మొత్తం పరుగులు చూడాలా, సగటు చూడాలా అని మనం వాదించుకుంటాం కదా, ఇదీ అలాంటిదే. పైగా ఇక్కడ సీజన్‌కు ఆడే మ్యాచ్‌ల సంఖ్యే మారుతూ వచ్చింది.

బ్రౌన్ 1957లో క్లీవ్‌లాండ్ జట్టులో చేరేనాటికి సీజన్‌కు 12 మ్యాచ్‌లే. 1961లో 14 అయ్యాయి. ఆడిన తొమ్మిది సీజన్లలో ఎనిమిదిసార్లు లీగ్‌లో అందరికంటే ఎక్కువ యార్డులు అతనివే. మొత్తం 118 మ్యాచ్‌లు, ఒక్కటి కూడా మానలేదు. మ్యాచ్‌కు సగటున 104.3 యార్డులు. 1966 వేసవిలో లండన్‌లో సినిమా షూటింగ్ ఆలస్యమైంది. శిక్షణ శిబిరానికి రాకపోతే జరిమానా వేస్తానని జట్టు యజమాని హెచ్చరించాడు. బ్రౌన్ ఆటకే గుడ్‌బై చెప్పేశాడు. అప్పటికి అతని వయసు 30, లెక్కలో ఉన్నవి 12,312 యార్డులు.

ఆ రికార్డును 1984 అక్టోబరులో షికాగో ఆటగాడు పేటన్ దాటాడు. 13 సీజన్లలో అతను ఆడనిది ఒకే ఒక్క మ్యాచ్. బ్లాకింగ్‌లోనూ, అంటే ప్రత్యర్థులను అడ్డుకుని తోటి ఆటగాళ్లకు దారి చేయడంలోనూ, దిట్ట. చివరికి 16,726 యార్డుల దగ్గర ఆగాడు.

అదే ఏడాది ఎరిక్ డికర్సన్ ఒకే సీజన్‌లో 2,105 యార్డులు చేశాడు. ఆ రికార్డు 40 ఏళ్లు దాటినా చెక్కుచెదరలేదు. కానీ 1978 నుంచి సీజన్‌కు 16 మ్యాచ్‌లు. 1973లో ఓ.జె. సింప్సన్ 2,003 యార్డులు చేసింది 14 మ్యాచ్‌లలోనే. మ్యాచ్‌కు లెక్కవేస్తే సింప్సన్‌కు 143, డికర్సన్‌కు 131 పైచిలుకు.

పేటన్ రికార్డు మరికొన్నాళ్లు నిలిచిందంటే, బ్రౌన్‌లాగే ఇంకొకరు తొందరగా రిటైర్ కావడం వల్లే. డెట్రాయిట్‌కు ఆడిన శాండర్స్ పది సీజన్లలోనూ వెయ్యి యార్డులు దాటాడు. 1999లో, ఇంకా 1,457 యార్డులు చేస్తే పేటన్‌ను అందుకుంటాడనగా, సొంత ఊరి పత్రికకు ఒక ఫ్యాక్స్ పంపి తప్పుకున్నాడు. అతను ఉన్నన్నాళ్లూ ఆ జట్టు గెలిచిన ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్ ఒక్కటే.

దాంతో 2002లో పేటన్‌ను దాటే అవకాశం స్మిత్‌కు దక్కింది. అతను ఆడిన డాలస్ కౌబాయ్స్ జట్టులో ముందు నిలబడి దారి చేసే లైన్‌మెన్ గొప్పవాళ్లు కాబట్టే అన్ని యార్డులు వచ్చాయని విమర్శకుల మాట. బంతితో పరుగెత్తిన ఒక్కోసారికి సగటు యార్డులు చూస్తే బ్రౌన్‌కు 5.2, స్మిత్‌కు 4.2. ఈ తేడా చిన్నదేమీ కాదు.

అలాగని అతన్ని తక్కువ చేస్తే నేను ఒప్పుకోను. 1994 జనవరి 2న న్యూయార్క్ జెయింట్స్‌తో మ్యాచ్. గెలిచినవాళ్లకే డివిజన్ (లీగ్‌లోని గ్రూపు) టైటిల్. రెండో క్వార్టర్‌లో స్మిత్ కుడి భుజం కీలు పక్కకు జరిగింది. అయినా మైదానం వదల్లేదు. 32 సార్లు పరుగెత్తి 168 యార్డులు చేశాడు, పది పాస్‌లు పట్టాడు. ఓవర్‌టైమ్‌లో గెలుపు తెచ్చిన డ్రైవ్‌లోనూ (బంతి తమ దగ్గరున్నప్పుడు వరుసగా చేసే దాడిలోనూ) బంతి ఎక్కువసార్లు అతని చేతికే ఇచ్చారు. డాలస్ 16-13తో గెలిచింది, ఆ నెలాఖరులోనే లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ కూడా. డాలస్, ఫ్రిస్కోల్లో స్థిరపడిన మన తెలుగువాళ్లు కౌబాయ్స్ అభిమానులెవరినైనా అడిగి చూడండి, ఆ రోజు గురించి చెప్పకుండా ఉండరు.

నా ఓటు మాత్రం బ్రౌన్‌కే. తక్కువ మ్యాచ్‌ల కాలంలో, మంచి ఫామ్‌లో ఉండగానే ఆపేసి కూడా, తర్వాతివాళ్లందరికీ కొలమానంగా నిలిచాడు.

2021లో సీజన్ 17 మ్యాచ్‌లకు పెరిగింది. 2024లో ఫిలడెల్ఫియా ఆటగాడు సాక్వాన్ బార్క్‌లీ 16 మ్యాచ్‌లలో 2,005 యార్డులు చేశాడు. చివరి మ్యాచ్‌లో ఇంకో 101 చేస్తే డికర్సన్ రికార్డు బద్దలయ్యేది. ప్లేఆఫ్స్ ముందున్నాయని జట్టు అతనికి విశ్రాంతి ఇచ్చింది.