ఆరు మిల్లీమీటర్ల రిషభం

రూమీ కవిత్వం స్ఫూర్తితో పర్షియన్ సంగీతాన్నీ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్నీ మేళవించిన కచేరీ విన్న పాఠకురాలు ఒకరు అడిగారు: "అంతా బాగుంది కానీ, మధ్యమధ్యలో వేణువు అపశ్రుతి పలికినట్టు ఎందుకనిపిస్తుంది?" చాలా మంచి చెవి. అయితే అది అపశ్రుతి కాదు, మనకు అలవాటు లేని స్వరస్థానం.

ఆ వేణువును నెయ్ అంటారు. 13వ శతాబ్దపు రూమీ తన మస్నవీ కావ్యాన్ని మొదలుపెట్టిందే రెల్లుపొద నుంచి కోసి తెచ్చిన నెయ్ విరహంతో. ఇరాన్ సంగీతకారుడు హుస్సేన్ అలీజాదే 1983లో నెయ్‌కి తంత్రీ వాద్యాల ఆర్కెస్ట్రాను జతచేసి 'నెయ్‌నవా' కూర్చాడు. ఇలాంటి పనికి పియానో కన్నా వయొలిన్ లాంటి తంత్రీ వాద్యాలు ఎందుకు మేలో చూద్దాం.

షూర్ అనే దస్తగాహ్ (మన రాగం లాంటి పర్షియన్ స్వరవ్యవస్థ) తీసుకోండి. షడ్జమం (స) 293.7 హెర్ట్జ్ అనుకుందాం. పియానో మీద శుద్ధ రిషభం (చిన్న రి) 311, చతుశ్రుతి రిషభం (పెద్ద రి) 329.6. షూర్ రిషభం ఈ రెండూ కాదు, దాదాపు 317.5! గమకంలో మనమూ ఆ చోటు మీదుగా వెళ్తాం, కానీ జారుకుంటూ వెళ్తాం. షూర్‌లో స్వరం అక్కడే నిలబడుతుంది. దీన్ని రాయడానికి కొరొన్ అనే గుర్తు పెట్టింది ఇరాన్ సంగీతకారుడు అలీనఖీ వజీరీ. ఆయన స్థాయిని (షడ్జమం నుంచి పై షడ్జమం దాకా) 24 సమభాగాలు చేశాడు. ఆ లెక్కన ఈ రిషభం 320 కావాలి. కానీ సంగీత పరిశోధకుడు హుర్మొజ్ ఫర్హాత్ వాద్యాల మీద కొలిచి చూస్తే షడ్జమానికి 150 సెంట్లు కాదు, 135 సెంట్ల దూరంలో తేలింది. (పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు.)

ఇప్పుడు నెయ్ 317.5 పలుకుతుంటే పియానో 311 మెట్టు నొక్కిందనుకోండి. సెకనుకు ఆరేడు విస్పందనాలు (బీట్స్, అంటే శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉండటం) పుడతాయి, శబ్దం వణుకుతుంది. అంతటితో ఆగదు. ప్రతి స్వరం వెంటా దాని రెట్టింపు, మూడు రెట్ల పౌనఃపున్యాలు కూడా మోగుతాయి కదా! 635కీ 622కీ మధ్య పదమూడు, 952కీ 933కీ మధ్య పందొమ్మిది. పోనీ 329.6 మెట్టు నొక్కితే? పన్నెండు, ఇరవై నాలుగు, ముప్పై ఆరు. ఎటు వెళ్లినా గరగరే. ఇంటర్‌లో విస్పందనాలను రెండు శ్రుతిదండాలతో, ఒక సూత్రంతో ముగించేస్తారు. ఈ రిషభాన్ని ఒక్కసారి వినిపిస్తే పిల్లలకు జన్మలో మరిచిపోలేని పాఠమవుతుంది.

వయొలిన్‌కి మెట్లు లేవు. దాని తీగ పొడవు సుమారు 325 మిల్లీమీటర్లు. పైన చెప్పిన షడ్జమానికి శ్రుతి చేసిన తీగ మీద శుద్ధ రిషభం 18 మిల్లీమీటర్ల దగ్గర, చతుశ్రుతి 35 దాటాక వస్తాయి. షూర్ రిషభం 24 దగ్గర ఉంటుంది. అంటే శుద్ధ రిషభం నుంచి వేలిని ఆరు మిల్లీమీటర్లు జరిపితే చాలు. కాకపోతే వయొలిన్ బృందం మొత్తం ఒకేసారి, ఒకేలా జరపాలి. చిన్నప్పటి నుంచి పన్నెండు స్థానాలకే అలవాటుపడ్డ వేళ్లకు అదే పెద్ద టెన్షన్.

ఈ స్వరాల్లో దైవశక్తి ఉందనీ, 432 హెర్ట్జ్ రోగాలు నయం చేస్తుందనీ వాట్సాప్‌లో తిరుగుతుంటాయి, నమ్మకండి. రూమీ కాలంలో హెర్ట్జ్ కొలిచే సాధనమే లేదు. మనసును కదిలించేది రెండు స్వరాల మధ్య నిష్పత్తి, వాయించేవాడి ఊపిరి.

సామరస్యం, అంటే హార్మనీ, ఇంకా చిక్కు. షూర్ రిషభం నుంచి శుద్ధ మధ్యమానికి 365 సెంట్లు. పాశ్చాత్య కార్డ్‌లకు (కలిపి మోగించే స్వరాల గుంపులకు) పునాదులైన 386 (5:4), 316 (6:5) రెండింటికీ అది అందదు. అందుకే ఆ రిషభం మీద కార్డ్ కట్టకుండా, కింద షడ్జమ పంచమాలను తంబురాలా పట్టి ఉంచడం సుఖమైన దారి. మాహూర్ అనే మరో దస్తగాహ్‌లో అయితే ఈ గొడవ చాలా తక్కువ, అది మన శంకరాభరణానికి దగ్గర.

పియానోనే కావాలన్నవాళ్లూ ఉన్నారు. ఇరాన్ పియానో వాద్యకారుడు మోర్తెజా మహ్‌జూబీ పియానో తీగలనే పర్షియన్ స్వరాలకు శ్రుతి చేసుకుని వాయించాడు. అద్భుతంగా ఉంటుంది. కానీ ఒక్కో మెట్టుకు రెండు మూడు తీగలుంటాయి, అన్నీ మార్చాలి. ఆ రిషభం అవసరం లేని దస్తగాహ్‌లోకి వెళ్లాలంటే మళ్లీ శ్రుతి చేసుకోవాల్సిందే.