ఉతికితే పాడయ్యే మాస్కు

2020 ఆగస్టులో గోదావరి జిల్లాల్లో కోవిడ్ కేసులు విపరీతంగా ఉన్నాయి. మా వదిన అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి నర్సు. ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి ఎన్95 మాస్కును సర్ఫు నీళ్లలో జాడించి దండెం మీద ఆరేసింది. అదేంటని అడిగితే, "వారానికి ఒక్కటే ఇస్తున్నారు, ఏం చేయమంటావయ్యా?" అంది. ఆరాక చూస్తే తెల్లగా, కొత్తదానిలాగే ఉంది. వడపోత మాత్రం దెబ్బతింది. ఆ సంగతి మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

మాస్కును ఉతకడం ఒకప్పుడు తప్పేమీ కాదు. 1910-11లో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చినప్పుడు వైద్యుడు వూ లియెన్-తే తన సిబ్బందికి కట్టించింది పల్చటి గుడ్డ మడతల్లో దూది పెట్టిన మాస్కు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు ఆసుపత్రుల్లో గుడ్డ మాస్కులను ఉతికి, వేడి ఆవిరిలో శుద్ధి చేసి మళ్లీ కట్టుకునేవారు. వాడి పారేసే రకాలు 1960ల నుంచి వాటి స్థానంలోకి వచ్చాయి. 3ఎం కంపెనీ తయారుచేసిన ఒకసారి వాడే రెస్పిరేటర్‌కు, అంటే ముఖానికి బిగుతుగా అతుక్కునే మాస్కుకు, అమెరికాలో 1972లో అనుమతి దొరికింది. ఎన్95 అనే పేరు 1995 నాటి ప్రమాణాలతో స్థిరపడింది. 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపాలన్నది అందులో షరతు.

అసలు కీలకం పోగుల్లో ఉంది. మధ్య పొర పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ సన్నటి పోగులతో చేస్తారు. వాటి సందులు వైరస్ కంటే చాలా పెద్దవి, కాబట్టి జల్లెడలా పట్టి ఆపడం ఒక్కటే సరిపోదు. తలకు రాసిన దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టు, పోగులకు ఎక్కించిన స్థిర విద్యుత్తు కణాల్ని లాగి పట్టుకుంటుంది. ఈ విద్యుత్తు ఎక్కించే పద్ధతిని 1990లలో మెరుగుపరిచిన శాస్త్రవేత్త పీటర్ సాయ్, రిటైరై ఇంట్లో ఉండి కూడా, 2020లో మళ్లీ పనిలోకి దిగారు. ఈసారి ఆయన చూసింది అదే మాస్కును చెడకుండా ఎలా శుద్ధి చేయాలో.

వైరస్‌ను చంపడం తేలికే. సర్ఫు నీళ్లలో జాడించినా, స్పిరిటు చల్లినా, బ్లీచింగ్ నీళ్లలో ముంచినా పోతుంది. కానీ దాంతోపాటు విద్యుత్తూ పోతుంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2020లో మాస్కుల వడపోత గుడ్డ మీద చేసిన పరీక్షల్లో ఆల్కహాల్ తగిలాక వడపోత 56 శాతం దగ్గరికి పడిపోయింది. అదే గుడ్డను 85 డిగ్రీల వేడిలో, గాలిలో తేమ తక్కువగా ఉంచి 50 సార్లు కాచినా పెద్దగా చెడలేదు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లయితే ఎలక్ట్రిక్ కుక్కర్‌తోనే పని కానిచ్చారు. అడుగున తువ్వాలు వేసి, నీళ్లు పోయకుండా, 100 డిగ్రీల దగ్గర 50 నిమిషాలు ఉంచారు. అన్నం వండే కుక్కర్‌కు ఇంత గౌరవం దక్కుతుందని కోనసీమలో ఎవరూ అనుకుని ఉండరు!

పెద్ద ఎత్తున చేసే పద్ధతి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి. 2020 మార్చి చివర్లో బాటెల్ అనే పరిశోధన సంస్థకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అత్యవసర అనుమతి ఇచ్చింది. ఒక మాస్కును 20 సార్ల దాకా శుద్ధి చేయొచ్చన్నారు. దానికి పెద్ద యంత్రం కావాలి, నేర్పున్న మనుషులు కావాలి. క్రిముల్ని చంపే అతినీలలోహిత కిరణాల (యూవీ-సీ) దీపాలు చిన్న ఆసుపత్రికీ అందుతాయి, కాకపోతే మడతల్లో, నీడ పడ్డచోట కిరణం చేరదు. "మన ఎండ చాలదా" అని వీధిలో చాలామంది అన్నారు. వడియాలు ఎండబెట్టే అలవాటు కదా! సూర్యుడి యూవీ-సీని ఓజోన్ పొర పైనే ఆపేస్తుంది, భూమి దాకా రాదు. మేడ మీద ఎంత మండినా లోపలి పొరకు 85 డిగ్రీల వేడి తగలదు.

చివరికి వదిన వాళ్ల ఆసుపత్రిలో పాటించమన్నది కాగితం సంచి పద్ధతి. అయిదు మాస్కులు, రోజుకొకటి, వాడినదాన్ని సంచిలో పెట్టి మళ్లీ వంతు వచ్చేదాకా ముట్టుకోకూడదు, ఆలోగా వైరస్ దానంతటదే చస్తుందని. ఖర్చు లేదు, విద్యుత్తూ చెడదు. నాకు నచ్చినదీ ఇదే. కానీ ముసురు పట్టినప్పుడు వేయించిన అప్పడం గంటలో మెత్తబడిపోయే నేల ఇది. సంచులు చెమ్మగిల్లేవి. వదిన వాటిని ఫ్యాను కింద, తేదీ రాసి వరసగా తగిలించేది.

సరఫరా కుదుటపడ్డాక, 2021 జూన్ 30 నుంచి శుద్ధి పద్ధతులకిచ్చిన అత్యవసర అనుమతుల్ని ఎఫ్‌డీఏ రద్దు చేసింది. అప్పటికే వదిన లెక్క వేరు. మాస్కు పెట్టుకుని గట్టిగా ఊదేది. కనురెప్పలకు గాలి తగిలితే ఎలాస్టిక్ సాగిందని అర్థం. ఇక దాన్ని కాయడం, ఆరబెట్టడం ఉండదు, నేరుగా ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచిలోకే.