ఈసీజీ స్ట్రిప్ చదవడం: నర్సింగ్ విద్యార్థుల్లో కనిపించే అపోహలు, వాస్తవాలు

వరంగల్‌లో నర్సింగ్ విద్యార్థులకు గుండె జబ్బుల పాఠం చెబుతూ, ఐసీయూ పోస్టింగ్‌లలో వారి వెంట ఉండటం నా పని. ములుగు, జనగామ, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చే పిల్లలు ఇంజెక్షన్‌కైనా, డ్రెస్సింగ్‌కైనా ధైర్యంగా ముందుకు వస్తారు గానీ, ఈసీజీ కాగితం (గుండెలోని విద్యుత్తును గీతగా చూపే స్ట్రిప్) చేతికివ్వగానే వెనక్కి తగ్గుతారు. ఆ భయానికి వారి తెలివితక్కువతనం కారణం కాదు. విద్యార్థుల మధ్య ఒకరి నుంచి ఒకరికి పాకే కొన్ని తప్పుడు నమ్మకాలే కారణమని నా అభిప్రాయం.

అపోహ: రిథమ్‌ల బొమ్మలన్నీ బట్టీ పడితే ఈసీజీ వచ్చేసినట్లే.

వాస్తవం: పుస్తకంలోని బొమ్మ ఉన్నదున్నట్లుగా రోగి స్ట్రిప్‌లో ఎన్నడూ కనిపించదు. గుర్తుంచుకోవలసినది ప్రశ్నల వరుసను: వేగం ఎంత, క్రమంగా ఉందా, పీ వేవ్ (గుండె పైగదుల విద్యుత్తు వల్ల వచ్చే చిన్న అల) ఉందా, పీఆర్ ఇంటర్వెల్ (పీ వేవ్ మొదలు నుంచి క్యూఆర్ఎస్ మొదలు దాకా పట్టే సమయం) ఎంత, క్యూఆర్ఎస్ (కిందిగదుల విద్యుత్తు వల్ల వచ్చే మొనదేలిన గీత) వెడల్పు ఎంత. మామూలుగా కాగితం సెకనుకు 25 మి.మీ. చొప్పున కదులుతుంది కనుక ఒక చిన్న గడి 0.04 సెకను, అలాంటి ఐదు కలిసిన పెద్ద గడి 0.20 సెకను. వరుసగా రెండు ఆర్ వేవ్‌ల (క్యూఆర్ఎస్‌లో పైకి లేచే మొనల) మధ్య నాలుగు పెద్ద గడులుంటే, 300ను (ఒక నిమిషంలో వచ్చే పెద్ద గడులు) 4తో భాగించగా నిమిషానికి 75 వస్తుంది. రెండో లీడ్‌లో (లీడ్ అంటే గుండెను ఒక కోణం నుంచి చూపే గీత) ప్రతి క్యూఆర్ఎస్‌కు ముందు నిటారుగా ఒక పీ వేవ్, పీఆర్ నాలుగు చిన్న గడులు, క్యూఆర్ఎస్ రెండు చిన్న గడులు ఉంటే అది సాధారణ సైనస్ రిథమ్, అంటే గుండె సహజ లయ.

ఇప్పుడు మరో స్ట్రిప్ చూడండి. మొదటి పీఆర్ ఐదు చిన్న గడులు, తర్వాతిది ఎనిమిది, ఆ తర్వాతిది తొమ్మిది, ఆపై ఒక పీ వేవ్ వచ్చింది కానీ దాని వెంట క్యూఆర్ఎస్ రాలేదు. బొమ్మలు బట్టీ పట్టినవారు క్రమం తప్పిందన్న ఒక్క కారణంతో దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (పైగదులు క్రమం లేకుండా అదరడం) అనేస్తారు. పీ వేవ్ గురించి అడిగినవారికి మాత్రం పీ వేవ్‌లు స్పష్టంగా ఉన్నాయనీ, ఇది రెండో డిగ్రీ బ్లాక్‌లో (పైగదుల సంకేతాలు కొన్ని కిందిగదులకు చేరకపోవడం), పీఆర్ పెరుగుతూ పోయి ఒక క్యూఆర్ఎస్ తప్పే వెంకెబాక్ రకమనీ తెలుస్తుంది. అసలైన ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో పీ వేవ్‌లు ఉండవు, ఆర్ వేవ్‌ల మధ్య దూరానికి ఏ లెక్కా కుదరదు. అక్కడ 300తో భాగించే పద్ధతి పనికిరాదు కాబట్టి, 30 పెద్ద గడులలో, అంటే ఆరు సెకన్లలో, ఎన్ని క్యూఆర్ఎస్‌లు వచ్చాయో లెక్కించి పదితో గుణించాలి. అదే సమయంలో ఒకరు స్టెతస్కోప్‌తో గుండె చప్పుడును, మరొకరు మణికట్టు దగ్గర నాడిని నిమిషం పాటు లెక్కిస్తే రెండు అంకెల మధ్య తేడా బయటపడుతుంది. ఆ తేడాను కేస్ షీట్‌లో రాయడం నర్సు చేయవలసిన పని.

అపోహ: యంత్రం వేగాన్నీ రిథమ్‌నూ తానే ముద్రిస్తుంది కాబట్టి మనం చూడనక్కరలేదు.

వాస్తవం: యంత్రం ఎత్తైన గీతలను లెక్కిస్తుంది. రక్తంలో పొటాషియం పెరిగిన డయాలసిస్ రోగికి టీ వేవ్‌లు (క్యూఆర్ఎస్ తర్వాత వచ్చే అలలు) మొనదేలి పొడవుగా లేచినప్పుడు, మానిటర్ వాటిని కూడా లెక్కలో వేసుకుని 70 ఉన్నచోట 140 చూపించగలదు. అక్కడ అంకెను నమ్మి గుండె వేగంగా ఉందనుకుంటే, వెంటనే చెప్పవలసిన పొటాషియం ప్రమాదం మరుగున పడిపోతుంది. అలాగే చలితోనో వణుకుడు జబ్బుతోనో చేయి కదులుతుంటే తెరపై వెంట్రిక్యులర్ టాకీకార్డియాను (కిందిగదుల నుంచే పుట్టే ప్రమాదకరమైన వేగాన్ని) పోలిన అలలు వస్తాయి. వాటి మధ్యలో సన్నని క్యూఆర్ఎస్ మొనలు సమాన దూరాల్లో కనిపిస్తున్నాయా, వేలికి పెట్టిన ఆక్సిజన్ ప్రోబ్ అలలు నిలకడగా ఉన్నాయా అని చూస్తే సంగతి తేలిపోతుంది. అయితే వెడల్పైన క్యూఆర్ఎస్‌లతో నిజంగానే వేగంగా కొట్టుకుంటుంటే, కాదని రుజువయ్యేదాకా దాన్ని వెంట్రిక్యులర్ టాకీకార్డియాగానే భావించి డ్యూటీ డాక్టర్‌ను పిలవాలి.

అపోహ: తెరపై గీత ఆడుతుంటే గుండె పనిచేస్తున్నట్లు, గీత నేరుగా ఉంటే షాక్ ఇవ్వాలి.

వాస్తవం: ఈసీజీ చూపేది విద్యుత్తును మాత్రమే, గుండె రక్తాన్ని నెడుతున్నదీ లేనిదీ అది చెప్పదు. తెరపై చక్కటి రిథమ్ ఉండి, మెడ దగ్గర నాడి అందకపోతే దాన్ని పల్స్‌లెస్ ఎలక్ట్రికల్ యాక్టివిటీ అంటారు, వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి. గీత నేరుగా కనిపించినప్పుడు మొదట రోగిని తట్టి పిలవాలి. స్పందన లేక, నాడి కూడా అందకపోతే ఒకరు ఛాతీపై ఒత్తుతుండగా మరొకరు లీడ్ తీగ ఊడిందేమో, గెయిన్ (గీత ఎత్తును నియంత్రించే అమరిక) తగ్గి ఉందేమో చూసి, మరో లీడ్‌లో కూడా నిర్ధారించుకోవాలి. నిజమైన ఎసిస్టోల్‌కు (గుండెలో విద్యుత్తే లేని స్థితికి) షాక్ పనిచేయదు. షాక్ ఉపయోగపడేది వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్‌కు (కిందిగదులు క్రమం లేకుండా అదరడం), నాడి లేని వెంట్రిక్యులర్ టాకీకార్డియాకు. ఈ ఒక్క విషయాన్ని పరీక్షలో మార్కుల కోసం కాక మంచం పక్కన నిలబడి నేర్చుకోవాలని నేను పట్టుబడతాను.

అపోహ: వేగం వంద దాటితే గుండె జబ్బే, దాన్ని తగ్గించాలి.

వాస్తవం: సైనస్ టాకీకార్డియా (సహజ లయే వంద దాటి వేగంగా ఉండటం) చాలాసార్లు జబ్బు కాదు, జబ్బుకు గుండె ఇచ్చే జవాబు. మే నెల ఎండలో కూలి పనికి వెళ్లి ఒంట్లో నీరు ఇంకిపోయినవారికి, జ్వరం, నొప్పి, రక్తస్రావం ఉన్నవారికి వేగం పెరగడం సహజం. కారణానికి చికిత్స చేస్తే అదే తగ్గుతుంది. మన ప్రాంతపు పత్తి రైతులు పురుగుల మందు విషప్రభావంతో వచ్చినప్పుడు అట్రోపిన్ ఇస్తారు. ఆ మందు మీద ఉన్న రోగి వేగం 120 ఉందని భయపడి మందును మనంతట మనం ఆపకూడదు. ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గిందా, చెమట ఆరిందా, బీపీ నిలబడిందా అని చూడాలి. దాంతోపాటు జ్వరం, కలవరింత, పొట్ట కదలికలు ఆగిపోవడం వంటి అట్రోపిన్ ఎక్కువైన లక్షణాలు కనిపిస్తే వెంటనే చెప్పాలి. ఈ రోగుల్లో క్యూటీ ఇంటర్వెల్ (క్యూఆర్ఎస్ మొదలు నుంచి టీ వేవ్ చివరి దాకా పట్టే సమయం) సాగే అవకాశం కూడా ఉంటుంది కనుక స్ట్రిప్‌లో దాన్ని కొలవడం మరవకూడదు. ఇంకో జాగ్రత్త ఉంది: వేగం 150 దగ్గరే ఏమాత్రం మారకుండా నిలిచిపోతే అది సైనస్ అనుకోకుండా ఏట్రియల్ ఫ్లట్టర్ (పైగదులు క్రమంగా, అతివేగంగా కొట్టుకోవడం) ఉందేమోనని వెతకాలి.

అపోహ: లీడ్స్ కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు.

వాస్తవం: కుడి, ఎడమ చేతుల లీడ్స్ తారుమారైతే మొదటి లీడ్‌లో పీ, క్యూఆర్ఎస్, టీ వేవ్‌లన్నీ తలకిందులవుతాయి. మన దగ్గర ఎక్కువగా వాడే రంగుల్లో కుడి చేతికి ఎరుపు, ఎడమ చేతికి పసుపు, ఎడమ కాలికి ఆకుపచ్చ, కుడి కాలికి నలుపు. ఛాతీపై అంటించే వీ1, వీ2 ఎలక్ట్రోడ్‌లను తరచుగా చాలా పైన అంటిస్తుంటారు. నాలుగో పక్కటెముకల సందును వేలితో లెక్కించి, ఛాతీ ఎముకకు అటూ ఇటూ పెట్టాలి. ఎండాకాలంలో చెమట తుడిచి చర్మం ఆరాక అంటిస్తేనే ఎలక్ట్రోడ్ నిలుస్తుంది.

అపోహ: మొదటి ఈసీజీ నార్మల్‌గా ఉంటే గుండెపోటు కాదు.

వాస్తవం: గుండెపోటు మొదట్లో ఈసీజీ మామూలుగానే ఉండవచ్చు. ఛాతీ నొప్పితో వచ్చిన వ్యక్తికి పది నిమిషాల్లోపు మొదటి ఈసీజీ తీయాలి, నొప్పి తగ్గకపోయినా మళ్లీ వచ్చినా తిరిగి తీయాలి. ప్రతి కాగితంపై తేదీ, సమయం, అప్పుడు నొప్పి ఉందో లేదో రాస్తేనే తర్వాత చూసే డాక్టర్ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చగలుగుతారు.