రాష్ట్రం లేని భాష పాటలో కాపురం పెట్టింది

సికింద్రాబాద్‌లో ప్రెండర్‌గాస్ట్ రోడ్డు పక్కన సింధీ కాలనీ ఉంది. మొజంజాహీ మార్కెట్ దగ్గర 1953లో మొదలైన కరాచీ బేకరీ బిస్కెట్లు తినని తెలుగువాళ్లు తక్కువ. ఆ పేరు వెనక ఉన్న వలస సంగతి తెలిసినవాళ్లు అంతకన్నా తక్కువ. ఆ వలసలో మూటాముల్లెలతో పాటు వచ్చిన పాటల సంగతి తెలిసినవాళ్లనైతే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సింధీ నిలుస్తుందా అన్న చర్చ ఎక్కడ మొదలైనా చివరికి పాట దగ్గరికే చేరుతుంది. దానికి కారణం విభజన నాటి ఏర్పాటులోనే ఉంది.

1947లో పంజాబ్, బెంగాల్ చెరో ముక్కగా చీలాయి. సింధ్ చీలలేదు, మొత్తంగా పాకిస్తాన్‌కు వెళ్లింది. పంజాబ్ నుంచి వచ్చిన శరణార్థికి ఇవతల సగం పంజాబ్ మిగిలింది. సింధ్ నుంచి వచ్చినవాడికి తన భాష మాట్లాడే జిల్లా ఒక్కటి కూడా దొరకలేదు. 1948 జనవరి 6న కరాచీలో జరిగిన అల్లర్ల తరవాత వలస ఊపందుకుంది. మొత్తం మీద 12 లక్షల మంది దాకా హిందువులు సింధ్ వదిలారు. మనకు 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో భాషా ప్రాతిపదికన దేశపటమే మారింది. ఆ పటంలో సింధీకి గడి లేదు. గడి లేకపోతే బడి లేదు, ప్రభుత్వ కార్యాలయాల్లో భాష లేదు, పాఠ్యపుస్తకాల సంఘం లేదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చోటు కూడా 1967 ఏప్రిల్ 10న, 21వ సవరణతో గానీ దక్కలేదు. కరెన్సీ నోటు మీద ఉండే భాషల పట్టీలో ఇప్పటికీ సింధీ కనిపించదు. మనకు బడీ, ప్రభుత్వమూ చేసిన పనిలో పెద్ద వాటా అక్కడ పాట నెత్తిన పడింది.

ఆ బరువు మోయగల పాట అప్పటికే తయారుగా ఉంది. సూఫీ కవి షా అబ్దుల్ లతీఫ్ భిటాయీ (1689–1752) సింధ్‌లో హాలా అనే ఊరి దగ్గర ఒక ఇసుక దిబ్బ మీద స్థిరపడ్డాడు. సింధీలో ‘భిట్’ అంటే దిబ్బ. ఆ ఊరే భిట్ షా. సమాధి కట్టించింది గులాం షా కల్హోరో. 1768లో సింధ్ హైదరాబాద్‌ను కట్టించిందీ ఆయనే. (అవును, వాళ్లకూ ఒక హైదరాబాద్ ఉంది. అక్కడి నుంచి వచ్చి మన హైదరాబాద్‌లో స్థిరపడితే ఊరు మారిందని ఉత్తరాల్లో ఎలా రాసుకుంటారో పాపం.) లతీఫ్ పద్యాల సంకలనమే ‘షా జో రిసాలో’. దాన్ని మొదట అచ్చువేసింది ఎర్నెస్ట్ ట్రంప్ అనే జర్మన్ పండితుడు, 1866లో, లైప్‌జిగ్‌లో. అప్పటిదాకా అది చేతిరాతల్లోనూ ఫకీర్ల గొంతుల్లోనూ బతికింది.

రిసాలోను అధ్యాయాలుగా కాక ‘సుర్’లుగా విభజించారు. సంప్రదాయ లెక్కలో సుర్‌లు 30. ఒక్కో సుర్‌కు రాగం పేరో, కథానాయిక పేరో ఉంటుంది. సాముండీ సముద్ర వ్యాపారానికి వెళ్లిన మగడి కోసం రేవులో ఎదురుచూసే ఆడవాళ్లది. కాపాయితీ రాట్నం వడికేవాళ్లది. సారంగ్ వానది, కేదారో కర్బలాది, రామ్‌కలీ జోగులది. సుర్ లోపల ‘బైత్’ అనే పద్యాలు తాళం లేకుండా సాగదీసి పాడతారు, ప్రతి భాగం చివర తాళానికి కట్టిన ‘వాఈ’ వస్తుంది. భిట్ షాలో నల్లబట్టల ఫకీర్లు రాత్రి నమాజు తరవాత కూర్చుని తెల్లవారేదాకా పాడతారు, గురువారం రాత్రి మరీ గట్టిగా. చేతిలో ఐదు తీగల దంబూరో. దాన్ని రూపొందించింది లతీఫేనని చెబుతారు. తీగ మీటుతున్న చేతే బుర్ర మీద తట్టి లయ కూడా వేస్తుంది, కాబట్టి తబలా అక్కర్లేదు. గొంతులు రెండు రకాలు: ఒకటి బొంగురుగా కింది స్థాయిలో, ఇంకొకటి సన్నగా, ఆడగొంతులా పై స్థాయిలో. మొదటిసారి విన్నవాళ్లకు అది అపస్వరంలా తోస్తుంది. కథల్లో మాట్లాడేది సస్సుయీ, మూమల్, మారుయీ వంటి ఆడవాళ్లు కాబట్టే ఆ సన్నగొంతు.

వీళ్లలో మారుయీ కథ శరణార్థుల సొంతమైపోయింది. మలీర్ పల్లెపిల్లను ఉమర్ అనే రాజు ఎత్తుకెళ్లి ఉమర్‌కోట్‌లో బంధిస్తాడు. పట్టుబట్టలు ఇస్తానంటాడు. ఆమె తన ముతక కంబళి వదలదు, జుట్టు దువ్వుకోదు, తనవాళ్ల ఎడారినే తలుచుకుంటుంది. దీనికి సూఫీలు చెప్పే అర్థం వేరు: పంజరంలో ఆత్మ. బొంబాయి దగ్గరి కల్యాణ్ శరణార్థి శిబిరంలో విన్నవాడికి అది మలీర్ మీద బెంగే. రెండు అర్థాలకూ పాట చోటిచ్చింది. బొంబాయిలో స్థిరపడ్డ కల్యాణ్ ఆద్వాణీ రిసాలోను పరిష్కరించి ప్రచురించారు, 1968లో దానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఒక హిందూ శరణార్థి, ఒక ముస్లిం సాధువు గ్రంథం. సింధీలకు ఇందులో వింతేమీ కనిపించదు.

రెండో పాయ భగత్. తెలుగువాళ్లకు తేలిగ్గా చెప్పాలంటే హరికథకూ బుర్రకథకూ నడిమధ్య ఉండే ప్రదర్శన. ప్రధాన గాయకుడు పాదాల దాకా జారే ‘జామో’ అనే అంగీ, తలపాగా, కాళ్లకు గజ్జెలతో లేచి ఆడుతూ పాడతాడు. పక్కన ‘బోల్యారో’ పల్లవి అందుకుంటాడు, మన వంతగాడిలాగే. రాత్రి భోజనాలయ్యాక మొదలై, భజనలు, ప్రేమకథలు, హాస్యం కలిసి తెల్లవారుజాము దాకా సాగుతుంది. జనం ఇచ్చిన డబ్బు జోలెలో పడుతుంది. భగత్ కన్వర్ రామ్ (1885–1939) ఆ జోలెను అక్కడికక్కడే పేదలకు ఖాళీ చేసేవాడని పేరు. 1939 నవంబర్ 1న రుక్ రైల్వే స్టేషన్లో ఆయనను కాల్చి చంపారు. అవి సుక్కూర్‌లో మంజిల్‌గాహ్ అనే పాత కట్టడం మసీదా కాదా అని హిందూ ముస్లిం వివాదం రగులుతున్న రోజులు. విభజనకు ఎనిమిదేళ్ల ముందే సింధీ హిందువులకు భయం ఎలా ఉంటుందో ఆ తూటా చెప్పింది. భారత తపాలా శాఖ 2010లో ఆయన స్టాంపు వేసింది.

ఇక ఇవతలి ఒడ్డు. కల్యాణ్ దగ్గర ఖాళీ అయిన సైనిక శిబిరాల్లోకి దాదాపు లక్ష మంది చేరారు. 1949 ఆగస్టు 8న ఆ చోటికి ఉల్హాస్‌నగర్ అని పేరు పెట్టారు. గుజరాత్‌లోని కచ్ఛ్‌లో అక్కడి పాలకుడు మహారావు ఇచ్చిన 15,000 ఎకరాల్లో భాయ్ ప్రతాప్ చొరవతో గాంధీధామ్, ఆదిపూర్ లేచాయి. మిగిలినవాళ్లు ఊరికి నాలుగు వీధులుగా దేశమంతా చెదిరారు. ఇక్కడ ప్రొఫెసర్ రామ్ పంజ్వాణీ (1911–1987) పేరు చెప్పకుండా దాటడానికి లేదు. లార్కానాలో పుట్టి, బొంబాయిలో పాఠం చెబుతూ, ఊరూరా తిరిగి మట్టికుండ వాయిస్తూ పాడాడు. కుండ మూతిని అరచేత్తో మూస్తూ తెరుస్తూ బొంగురు నాదం తెప్పించడం, పక్కలను వేళ్లతో కొట్టడం, అంతే వాద్యం. శిబిరంలో హార్మోనియం ఉండకపోవచ్చు, కుండ లేని బారకు ఉండదు. ఆయనతో కలిసి పాడిన భగవంతీ నావాణీ, సింధ్‌లోనే పేరు తెచ్చుకుని వచ్చిన మాస్టర్ చందర్ (1907–1984), ఈ ముగ్గురూ లేకుంటే శిబిరాల్లో పుట్టిన తరానికి సింధీ అనేది ఇంట్లో తిట్లకు వాడే భాషగానే మిగిలేదేమో.

పంజ్వాణీ చేసిన ఇంకో పని పండగను నిలబెట్టడం. చేటీ చంద్ చైత్రమాసపు నెలవంక రోజు, మన ఉగాది మర్నాడో, తిథి కలిస్తే అదే రోజో వస్తుంది. సింధు నది దేవుడు ఝూలేలాల్. సింధ్‌లో ఆయన చాలామంది దేవుళ్లలో ఒకడు, ఉడేరోలాల్ గ్రామంలో హిందువులూ ముస్లింలూ కొలిచే ఒక నదీదేవత. నది దూరమయ్యాక ఆయన జాతి మొత్తానికి గుర్తయ్యాడు. పండగ నాడు ‘బహిరాణో’ కడతారు: పళ్లెంలో పిండితో చేసిన ప్రమిద, వత్తులు, పటికబెల్లం, యాలకులు, పళ్లు, బియ్యం. వెనక కలశం మీద కొబ్బరికాయ, దాని మీద గుడ్డ, పూలు. దాన్ని నెత్తికెత్తుకుని, కోలలతో ‘ఛేజ్’ ఆడుతూ, ‘పంజడా’ అనే స్తుతులు పాడుతూ నీళ్ల దగ్గరికి వెళ్తారు. బతుకమ్మను చెరువుకు సాగనంపే ఊళ్లవాళ్లకు ఇది ప్రత్యేకంగా వివరించక్కర్లేదు. చివర కొంగు చాపి ‘పల్లవ్’ పాడతారు. పంజడాలు బతికాయి, ఎందుకంటే వాటికి ఏటా ఒక తేదీ ఉంది. తేదీ లేని పాటలకే ప్రమాదం.

కష్టకాలం అంటే వలస వచ్చినవాళ్లదే అనుకుంటే సగం కథే తెలిసినట్టు. 1955లో పాకిస్తాన్ ‘వన్ యూనిట్’ పేరుతో పశ్చిమాన ఉన్న ప్రాంతాలన్నిటినీ ఒకటి చేసింది. 1970 దాకా సింధ్ అనే రాష్ట్రమే లేదు. తమాషా ఏమిటంటే అదే 1955లో సింధ్ హైదరాబాద్‌లో రేడియో పాకిస్తాన్ కేంద్రం మొదలైంది. పటంలోంచి తీసేసిన పేరు రోజూ గాలిలో వినపడింది. అలన్ ఫకీర్, మాయీ భాగీ, మహమ్మద్ జుమన్ వంటి గొంతులు ఆ తరం నుంచే ఇంటింటికీ చేరాయి. జరీనా బలోచ్ (1934–2005) ఊరేగింపుల్లో పాడి జైలుకూ వెళ్లింది. 2017 ఫిబ్రవరి 16న సేహ్వాన్‌లో లాల్ షాబాజ్ ఖలందర్ దర్గాలో బాంబు పేలి 80 మందికి పైగా చనిపోయారు. మర్నాడు యథావిధిగా ధమాల్ అనే సూఫీ నాట్యానికి నగారా మోగింది.

ఇంత పాటా ఉండి ఇంకా చర్చ ఎందుకు? పాట నిలిచినా దాని కింది భాష జారిపోతోంది కాబట్టి. ఆ జారుడు ఎక్కడో వేలు పెట్టి చూపవచ్చు. బ్రిటిష్ వాళ్లు 1853లో ఖరారు చేసిన అరబిక్ తరహా లిపిలో 52 అక్షరాలు. విభజన తరవాత ఇక్కడ దేవనాగరి కావాలని ఒక వర్గం, పాత లిపే ఉండాలని ఇంకో వర్గం కొట్టుకున్నాయి. చివరికి రెండూ చెల్లుతాయన్నారు. దాంతో తాత పాటల పుస్తకం మనవడు చదవలేడు, మనవడి కాగితం తాత చదవలేడు.

సింధీలో గ, జ, డ, బ లకు రెండేసి రూపాలున్నాయి. ఒకటి మామూలుది. ఇంకొకటి గాలిని బయటికి తోయకుండా లోపలికి లాగుతూ పలికేది. దేవనాగరిలో ఈ రెండోదానికి అక్షరం కింద చిన్న గీత పెట్టాలి. ఫోన్లో టైపు చేసేవాళ్లు ఆ గీత వదిలేస్తారు. మామూలు బ తో ‘బారు’ అంటే బరువు, లోపలికి లాగిన బ తో ‘బారు’ అంటే బిడ్డ. గీత పోయిన కాగితం చూసి పాడితే జోలపాటలో బిడ్డ కాస్తా బరువైపోతుంది.

ఇంకో దెబ్బ మాట చివర తగులుతోంది. సింధీ కూడా మన తెలుగులాగే అజంతం, అంటే మాటలు అచ్చుతో ముగుస్తాయి. ‘ఘరు’ అంటే ఇల్లు, ‘ఘర’ అంటే ఇళ్లు. హిందీ బడిలో చదివిన గాయకుడు రెండింటినీ ‘ఘర్’ అంటాడు. ఏకవచన బహువచనాల తేడా పోతుంది, అంత్యప్రాస కుంటుతుంది, గాయకుడు నిలిపి పాడవలసిన అచ్చు చోట మూసుకుపోయిన హల్లు మిగులుతుంది. తప్పు అతనిది కాదు, అతనికి అందిన కాగితానిది.

పాటలు సేకరించేవాళ్లు చాలామంది నేరుగా ఢోలక్‌తో సహా పాటే రికార్డు చేస్తారు. పొరపాటు అక్కడే. చరణం చివరి పొట్టి అచ్చు సరిగ్గా దెబ్బ పడే చోటే వస్తుంది, ఢోలక్ కింద నలిగిపోతుంది. ముందు వాద్యం లేకుండా మాటలు చదివించాలి, తరవాత ఒంటిగొంతుతో పాడించాలి, మూడోసారి బృందంతో. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా దాచాలి, ఎంపీ3 పంచిపెట్టడానికి మాత్రమే. సాహిత్యం రెండు లిపుల్లోనూ, గీతలతో, చివరి అచ్చులతో రాయాలి. సుర్ పేరు, ఎవరి దగ్గర నేర్చారు, సింధ్‌లో ఏ ఊరిది, ఈ మూడూ లేని రికార్డింగు కొన్నాళ్లకు అనాథ అవుతుంది.

ఎవరితో మొదలుపెట్టాలన్నది కూడా ముఖ్యమే. భగత్‌లకూ ‘కాఫీ’ అనే సూఫీ పాటలకూ రికార్డులు, రేడియో టేపులు ఉన్నాయి. కచ్ఛ్‌లో ఫకీరానీ జత్‌లు అనే తెగవాళ్లు వాఈ ఇంకా పాడుతున్నారు. పెళ్లికి ముందు రాత్రుల్లో ఆడవాళ్లు పాడే ‘లాడా’లకే దిక్కు లేదు. ఒక పెద్దామె పాదం ఎత్తుకుంటుంది, మిగిలినవాళ్లు అందుకుంటారు, వధూవరుల పేర్లు మధ్యలో ఇరికిస్తారు. పేర్లు మార్చి పాడే పాట కాబట్టి ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ఇప్పుడు ఫంక్షన్ హాల్లో ఆ సమయం డీజేది. 1947లో పదిహేనేళ్ల పిల్ల ఇప్పుడు తొంభై దాటింది. మైకు పట్టుకుని వెళ్లేవాళ్లు భగత్ మండలి ఇంటికి తరవాత వెళ్లొచ్చు, ముందు ఆమె మంచం పక్కన కూర్చోవాలి, అదీ పొద్దున్నే, గొంతు అలవకముందే.