మదిరాన్ వగరుకు బాతు కొవ్వే జోడీ

ఫ్రాన్స్ వైన్ల పేరెత్తగానే అందరూ బోర్డో, బర్గండీల దగ్గర ఆగిపోతారు. రసాయన శాస్త్రం మీద ఆసక్తి ఉన్నవారు మాత్రం ఇంకాస్త దక్షిణానికి, పిరనీస్ పర్వతాల వైపు వెళ్లాలి. అక్కడ అదూర్ నదికి దాపున, గాస్కనీ ప్రాంతపు గుట్టల మీద తయారయ్యే మదిరాన్ ఎర్ర వైన్ కొత్తవారికి ఓ పట్టాన లొంగదు. మొదటి గుక్కకే నాలుక, చిగుళ్లు పిడచకట్టుకుపోతాయి. మధ్యయుగంలో స్పెయిన్‌లోని సాంతియాగోకు కాలినడకన పోయే క్రైస్తవ యాత్రికులకు ఇది దారిలో దొరికే వైన్. ఏ ప్రాంతపు వైన్‌కు ఆ పేరు పెట్టవచ్చో చట్టం హద్దులు గీసింది మాత్రం 1948లోనే.

ఆ వగరంతా తానా అనే ద్రాక్ష రకానిది. దాని తొక్కల్లో, గింజల్లో వగరు పుట్టించే టానిన్లనే పదార్థాలు దండిగా ఉంటాయి. ఎర్ర వైన్ చేసేటప్పుడు రసాన్ని తొక్కలు, గింజలతో కలిపే పులియబెడతారు కాబట్టి అవన్నీ వైన్‌లోకి దిగుతాయి. మన లాలాజలంలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం మెండుగా ఉన్న ప్రోటీన్లు ఉంటాయి. నోటిని జారుడుగా ఉంచడంలో వాటిది పెద్ద పాత్ర. టానిన్లు వాటిని పట్టుకుని ముద్దలు కట్టిస్తాయి. జారుడుతనం పోయి, నాలుక అంగిలికి గరుగ్గా రాసుకుంటుంది. అందుకే చాలామంది శాస్త్రవేత్తలు వగరును ప్రధానంగా స్పర్శగానే చూస్తారు. డికాక్షన్‌లో పాలు పోస్తే వగరు తగ్గడానికి కారణం కూడా ఇదే: టానిన్లకు లాలాజలం కంటే ముందు పాల ప్రోటీన్లు దొరుకుతాయి.

ఇంత మొండి వైన్‌ను మెత్తబరచాలంటే ఒకప్పుడు ఏళ్ల తరబడి ఓపిక పట్టడమే మార్గం. ఓక్ పీపా చెక్కలోంచి గాలి కొద్దికొద్దిగా లోపలికి చేరుతుంది. ఆ ఆక్సిజన్ వల్ల టానిన్లు తమలో తాము, ద్రాక్ష రంగుపదార్థాలతోనూ కలిసి కొత్త నిర్మాణాలుగా మారతాయి. కాలక్రమంలో గరుకుదనం తగ్గి రంగు నిలకడ పొందుతుంది. 1990ల తొలినాళ్లలో మదిరాన్ ప్రాంతానికే చెందిన వైన్ తయారీదారు పాత్రిక్ దుకుర్నో ఈ పనిని స్టీలు తొట్టిలోనే చేయించాడు. వైన్‌లోకి అతి చిన్న బుడగలుగా, లీటరుకు నెలకు కొన్ని మిల్లీలీటర్లకు మించకుండా ఆక్సిజన్ పంపే పద్ధతి అది. 1996లో ఐరోపా సంఘం దానికి అనుమతి ఇచ్చింది. మోతాదు మించితే వైన్ పాడవుతుంది. ఇదంతా కృత్రిమమని గొణిగేవారు లేకపోలేదు. నాకైతే అందులో తప్పేమీ కనిపించదు. పీపా కూడా ఒక యంత్రమే, కాకపోతే పాతది.

ఈ వైన్‌కు గుండెకు మేలుచేసేదన్న ఖ్యాతి కూడా ఉంది. 2006లో బ్రిటిష్ శాస్త్రవేత్త రోజర్ కోర్డర్ బృందం నేచర్ పత్రికలో, మదిరాన్ ఉన్న నైరుతి ఫ్రాన్స్, ఇటలీ దీవి సార్డీనియా వైన్లలో ప్రోసయనిడిన్లు అనే టానిన్ జాతి పదార్థాలు ఎక్కువని, ఆ ప్రాంతాల వారి దీర్ఘాయువుకు వాటితో సంబంధం ఉండవచ్చని రాసింది. ఆ పదార్థాలు రక్తనాళాల కణాల మీద చూపే ప్రభావాన్ని ప్రయోగశాలలో గమనించిన మాట నిజమే. కానీ ఒక ఊరివాళ్లు ఎక్కువకాలం బతకడానికి తిండి, శ్రమ, వాతావరణం, ఇంకెన్నో కారణాలు ఉంటాయి. పైగా మద్యానికి సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చిచెప్పింది. ఆరోగ్యం పేరు చెప్పి ఈ సీసాను అమ్మేవారిని నమ్మను.

దీని పక్కన ఏం తినాలన్నది ఇంతకంటే ఆసక్తికరం. గాస్కనీ వంట బాతు కొవ్వు మీద నిలబడింది. ఉప్పు పట్టించిన బాతు కాళ్లను దాని కొవ్వులోనే సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికించే కాన్ఫీ, ఆ మాంసంతో తెల్ల చిక్కుడు గింజలు కలిపి వండే కస్సూలే, క్యాబేజీ, కూరగాయలతో కాచే గార్బ్యూర్ అనే చిక్కటి పులుసు, అన్నింటికీ మదిరాన్ సరిపోతుంది. నోటిలో జిడ్డు పేరుకుంటే వగరు దాన్ని కోస్తుంది. వగరు ఎక్కువైతే కొవ్వు దాన్ని కప్పేస్తుంది. మాంసంలోని ప్రోటీన్లు కూడా కొన్ని టానిన్లను తమవైపు లాక్కుంటాయి. పిరనీస్ గొర్రెపాల చీజ్ ఓసో-ఇరాతీ కూడా ఇదే కారణంతో నప్పుతుంది.

చేపలతో మాత్రం వద్దు. ఎర్ర వైన్‌లో ఇనుము ఎక్కువగా ఉంటే అది చేప కొవ్వులతో చర్య జరిపి నీచువాసన పుట్టిస్తుందని జపాన్ పరిశోధకులు 2009లో చూపించారు. అంత దూరం వెళ్లకున్నా, సన్నని తెల్ల చేప ముక్కకు ఈ టానిన్లను అడ్డుకునేంత కొవ్వు ఉండదు. అలాంటి భోజనానికి అదే గుట్టల మీద తయారయ్యే తెల్ల వైన్ పాషరాంక్ ఉండనే ఉంది. దాన్ని తియ్యగానూ చేస్తారు కాబట్టి, తీపి లేనిదాన్ని అడిగి తీసుకోవాలి.