రాజుదో దారి, జెండాది మరో దారి: ఆస్ట్రేలియా రిపబ్లిక్ చర్చకు నేపథ్యం

ఆస్ట్రేలియాలో రిపబ్లిక్ మాట ఎత్తితే చాలు, వెనకే జెండా మాట కూడా వచ్చేస్తుంది. బ్రిటన్ రాజు తమ దేశాధినేతగా ఉండకూడదనే వాళ్లలో చాలామంది జెండా మూలనున్న యూనియన్ జాక్‌ను, అంటే బ్రిటన్ జెండాను కూడా తీసేయాలంటారు. రాజు ఉండాలనే వాళ్లు రెండింటినీ కలిపే వెనకేసుకొస్తారు. చట్టం ప్రకారం చూస్తే మాత్రం దేనికదే విడి పని. రాజును తప్పించాలంటే రాజ్యాంగాన్ని సవరించాలి. జెండా మార్చడానికి రాజ్యాంగం జోలికి పోనక్కర్లేదు. రెండింటినీ ఒకే మూట కట్టడం వల్ల రిపబ్లిక్ వాదానికి నష్టమే తప్ప లాభం లేదు.

ఇంతకీ అక్కడి రాజ్యాంగంలో రాజు ఎక్కడున్నాడు? ఆరు బ్రిటిష్ వలసలు కలిసి 1901 జనవరి 1న ఒక దేశమయ్యాయి. ఆ దేశ రాజ్యాంగం 1900లో బ్రిటన్ పార్లమెంటు చేసిన చట్టంలో ఒక భాగం. 61వ సెక్షన్ ప్రకారం కార్యనిర్వాహక అధికారం సింహాసనానిది. రాజు తరఫున గవర్నర్ జనరల్ దాన్ని నడుపుతారు. 59వ సెక్షన్ ప్రకారం గవర్నర్ జనరల్ ఆమోదించిన చట్టాన్ని కూడా ఏడాదిలోగా రాజు కొట్టేయవచ్చు. ఈ అధికారాన్ని ఒక్కసారీ ఎవరూ వాడలేదు గానీ సెక్షన్ ఇంకా అలాగే ఉంది. ప్రధానమంత్రి అనే మాట మాత్రం ఆ రాజ్యాంగంలో వెతికినా దొరకదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. రాజు పేరు కొట్టేసి అధ్యక్షుడు అని రాస్తే, ఇన్నాళ్లూ సంప్రదాయం కొద్దీ ఎవరూ వాడని అధికారాలన్నీ కాగితం మీద కొత్త మనిషి చేతికి వచ్చేస్తాయి.

ఆ అధికారాలు ఉత్తుత్తివి కావని 1975 నవంబరు 11న తేలింది. ఎగువ సభ సెనేట్‌లో ప్రతిపక్షం బడ్జెట్ బిల్లులను ఆపేసింది. ప్రధాని గాఫ్ విట్లామ్‌కు ప్రతినిధుల సభలో మెజారిటీ ఉంది. అయినా గవర్నర్ జనరల్ జాన్ కెర్ ఆయన్ను పదవి నుంచి తొలగించి, ప్రతిపక్ష నేత మాల్కమ్ ఫ్రేజర్‌ను ఆపద్ధర్మ ప్రధానిగా కూర్చోబెట్టారు. కెర్‌ను ఆ పదవికి సిఫారసు చేసింది విట్లామే. లండన్ రాజప్రాసాదంతో కెర్ జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు కోర్టు తీర్పు తర్వాత 2020లో గానీ జనం కంట పడలేదు. ఒక దేశ ప్రభుత్వం పడిపోయిన తీరు తెలుసుకోవడానికి ఆ దేశ ప్రజలు 45 ఏళ్లు ఆగాల్సి రావడం అన్యాయం. రిపబ్లిక్ వాదానికి ఊపు తెచ్చింది ఆ నవంబరే.

1986లో ఆస్ట్రేలియా చట్టం వచ్చింది. బ్రిటన్ పార్లమెంటు అక్కడికి చట్టాలు చేయడం, రాష్ట్రాల కేసులు ఆఖరి అప్పీలు కోసం లండన్ ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లడం దాంతో ఆగిపోయాయి. 1994 నుంచి పౌరసత్వ ప్రమాణంలోనూ రాణి పేరు లేదు. అక్కడ పౌరులైన తెలుగువాళ్లు ఆస్ట్రేలియాకూ, దాని ప్రజలకూ విధేయత ప్రకటిస్తారు. న్యూజిలాండ్ పౌరసత్వం తీసుకునే మనవాళ్లు మాత్రం ఈనాటికీ మూడో చార్లెస్ రాజుకూ, ఆయన వారసులకూ విధేయులమని ప్రమాణం చేయాల్సిందే.

రిపబ్లిక్ ప్రశ్న ఓటు దాకా వచ్చింది 1999 నవంబరు 6న. అంతకుముందు 1998 ఫిబ్రవరిలో కాన్‌బెర్రాలోని పాత పార్లమెంటు భవనంలో 152 మంది ప్రతినిధులు రాజ్యాంగ సదస్సుగా కూర్చున్నారు. సగం మంది ఎన్నికైనవాళ్లు, సగం మంది నియమితులు. అధ్యక్షుణ్ణి ఎలా ఎంచుకోవాలన్న దగ్గరే రిపబ్లిక్ పక్షం చీలింది. చివరికి నెగ్గిన నమూనాకు 73 ఓట్లు వచ్చాయి, 57 మంది వద్దన్నారు, 22 మంది ఎటూ చెప్పలేదు. అంటే సదస్సులోనే సగానికి సగం మద్దతు లేని నమూనా అది.

ఆ నమూనా ఇదీ: ప్రజలు పేర్లు సూచిస్తారు, 32 మంది కమిటీ వాటిని వడగడుతుంది, ప్రధాని ఒక పేరు ప్రతిపాదిస్తే ప్రతిపక్ష నేత బలపరుస్తారు, ఉభయ సభల ఉమ్మడి సమావేశంలో మూడింట రెండొంతుల ఓట్లతో ఖరారవుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. తొలగింపు దగ్గరికి వచ్చేసరికి ప్రధాని ఒక్క సంతకంతో అధ్యక్షుణ్ణి తీసేయవచ్చు. 30 రోజుల్లోగా ప్రతినిధుల సభ ఆమోదం అడగాలి, సభ కాదన్నా తీసేసిన మనిషి తిరిగి రాడు. నియామకానికి ఇంత తతంగం, తొలగింపుకు ఒక్క సంతకం అనేసరికి రాజరిక పక్షానికి ఆయుధం దొరికింది. ఇది రాజకీయ నాయకుల రిపబ్లిక్ అని ప్రచారం చేశారు. అధ్యక్షుణ్ణి తామే నేరుగా ఎన్నుకోవాలని పట్టుబట్టిన రిపబ్లిక్ వాదులు కూడా వెళ్లి ‘నో’ అని రాశారు. ఫలితం: ‘ఎస్’ 45.13 శాతం, ‘నో’ 54.87 శాతం. ఆరు రాష్ట్రాల్లో ఒక్కటీ ఒప్పుకోలేదు.

నేరుగా ఎన్నుకుంటే సరిపోదా అంటే, దానికీ ఒక చిక్కుంది. లక్షల ఓట్లతో గెలిచిన అధ్యక్షుడు, కెర్ వాడిన అధికారాలే చేతిలో ఉంటే, ప్రధానితో ఢీ అంటే ఢీ అనగలడు. కాబట్టి ఆ అధికారాలు ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో ముందు అక్షరాల్లో రాసుకోవాలి. అలా రాయాలంటే బడ్జెట్‌ను ఆపే హక్కు సెనేట్‌కు ఉండాలా వద్దా అన్నది తేల్చాలి, అది ఏ పార్టీకీ ఇష్టం లేని పని. ఆస్ట్రేలియన్ రిపబ్లిక్ మూవ్‌మెంట్ 2022లో మధ్యేమార్గం ఒకటి చెప్పింది: ఎనిమిది రాష్ట్ర, టెరిటరీ (రాష్ట్ర హోదా లేని ప్రాంతం) చట్టసభలు ఒక్కొక్కరిని, జాతీయ పార్లమెంటు ముగ్గురి వరకు సూచిస్తాయి, ఆ 11 మందిలోంచి ప్రజలు ఒకరిని ఐదేళ్లకు ఎన్నుకుంటారు. 1999 నమూనా కంటే ఇది మెరుగే.

ఏ నమూనా అయినా 128వ సెక్షన్ దాటాలి. సవరణ బిల్లు పార్లమెంటులో నెగ్గాక రెండు నెలలు ఆగి, ఆరు నెలల్లోపు జనం ముందు పెట్టాలి. దేశం మొత్తమ్మీద మెజారిటీ రావాలి, ఆరింట నాలుగు రాష్ట్రాల్లోనూ విడిగా మెజారిటీ రావాలి. ఇరుపక్షాల వాదనలూ చెరో 2,000 పదాలు మించకుండా అచ్చేసి ఇంటింటికీ పంపడం ఆనవాయితీ. ఓటు తప్పనిసరి. బ్యాలెట్ మీద గడిలో ‘ఎస్’ అనో ‘నో’ అనో చేత్తో రాయాలి. టిక్కు పెడితే ‘ఎస్’ కింద లెక్కవేస్తారు, ఇంటూ మార్కు పెడితే ఓటు చెల్లదు. ఇప్పటిదాకా 45 సవరణలు ఓటుకు వెళ్లాయి, గెలిచినవి 8. ఆఖరి గెలుపు 1977లో.

జెండా సంగతి వేరు. 1901లో పోటీ పెడితే 32,823 డిజైన్లు వచ్చాయి. దాదాపు ఒకేలా గీసిన ఐదుగురికి బహుమతి పంచారు. వాళ్లలో ఒకడు 14 ఏళ్ల బడిపిల్లాడు. ఆ ఏడాది సెప్టెంబరు 3న మెల్‌బోర్న్‌లో ఆ జెండా ఎగిరింది. పెద్ద నక్షత్రానికి మొదట ఆరు కోణాలే ఉండేవి, ఆరు రాష్ట్రాలకు గుర్తుగా. టెరిటరీల కోసం ఏడోది 1908లో చేర్చారు. నీలి జెండా ప్రభుత్వానిది, జనానికి అదే డిజైన్ ఎర్ర రంగులో ఉన్న జెండా అన్న పద్ధతి దశాబ్దాల పాటు నడిచింది. నీలిదే జాతీయ జెండా అని 1953 చట్టం తేల్చింది. ‘మన సైనికులు ఈ జెండా కిందే ప్రాణాలిచ్చారు’ అనే మాట అక్కడ తరచూ వినిపిస్తుంది. ఆ త్యాగం ముందు ఎవరైనా తల వంచాల్సిందే. కానీ ఆ యుద్ధాల్లో యూనియన్ జాక్, ఎర్ర జెండా కూడా విరివిగా ఎగిరాయి.

1953 చట్టానికి 1998లో ఒక సవరణ తెచ్చారు. కొత్త జెండా కావాలంటే ఓటర్ల ముందు పెట్టాలి, పోటీలో పాత జెండా కూడా ఉండాలి, దేశం మొత్తమ్మీద మెజారిటీ వస్తే చాలు, రాష్ట్రాల లెక్క లేదు. ఇది మామూలు చట్టమే కనుక పార్లమెంటు మరో చట్టంతో తీసేయనూ వచ్చు.

జెండా ఓటు ఎలా బెడిసికొడుతుందో న్యూజిలాండ్ చూపించింది. అక్కడ రాజు జోలికి పోకుండా జెండా ఒక్కదాన్నే కదిపారు. 10,292 డిజైన్లలోంచి 40, వాటిలోంచి నాలుగు, జనం పట్టుబడితే ఐదోది. 2015 చివర్లో వాటిలో ఒకదాన్ని ఎంచుకోమన్నారు. 2016 మార్చిలో దాన్ని పాత జెండాతో పోటీకి పెట్టారు. పాతదే 56 శాతం పైగా ఓట్లతో నిలిచింది. ఖర్చు 2.6 కోట్ల న్యూజిలాండ్ డాలర్లు. మార్పు కావాలా అని అడగకుండా ఏ జెండా కావాలని అడగడం మొదటి తప్పు. ప్రధాని జాన్ కీ భుజాన వేసుకోవడంతో అది పార్టీల గొడవగా మారిపోయింది.

ఫిజీది దీనికి తలకిందులు. 1903 నుంచి మద్రాసు ఓడల్లో కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల సంతతి ఉన్న ఆ దేశం, 1987లో సైనిక తిరుగుబాటు తర్వాత రిపబ్లిక్ అయింది. జెండా మీద యూనియన్ జాక్ ఇంకా ఉంది. మారుస్తామని 2015లో ప్రకటించిన ప్రధాని బైనిమరామా, రియో ఒలింపిక్స్‌లో రగ్బీ స్వర్ణం వచ్చినప్పుడు జనం ఆ జెండానే పట్టుకుని ఊరేగడం చూసి 2016లో వెనక్కి తగ్గారు. కెనడా 1965లో మేపుల్ ఆకు జెండా ఎగరేసి రాణిని ఉంచుకుంది. మన దగ్గరా రెండూ ఒక్కరోజున జరగలేదు: రాజ్యాంగ సభ జెండాను ఆమోదించింది 1947 జులై 22న, రిపబ్లిక్ అయింది 1950 జనవరి 26న. రిపబ్లిక్ అయితే కామన్వెల్త్ నుంచి బయటికి పోవాలేమో అన్న భయం ఇంకా ఉన్నవాళ్లకు 1949 ఏప్రిల్ నాటి లండన్ ప్రకటనే జవాబు. ఆ దారి వేసింది భారతదేశమే.

2022లో ఆస్ట్రేలియా ప్రధాని ఆల్బనీజ్ రిపబ్లిక్ కోసం ఒక సహాయ మంత్రిని పెట్టారు. 2023 అక్టోబరులో ఆదివాసీల ప్రాతినిధ్య సవరణ ఆరు రాష్ట్రాల్లోనూ ఓడిపోయాక ఆ ఉత్సాహం చల్లారింది. 2024లో ఆ పదవి కూడా తీసేశారు. మళ్లీ ఎప్పుడు మొదలైనా ముందు తేల్చాల్సిన పని ఒకటి రాష్ట్రాల దగ్గరుంది. ఆరు రాష్ట్రాలకూ తమ తమ గవర్నర్లున్నారు, వాళ్లు రాజు ప్రతినిధులే. దేశం రిపబ్లిక్ అయ్యి ఏదో ఒక రాష్ట్రం రాజునే పట్టుకు కూర్చుంటే ఏమిటన్నది 1999లో ఆ రాష్ట్రాల ఇష్టానికే వదిలేశారు.